జాడించిన నీళ్లు

ముక్కాయన సీసాను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అతని అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినపడదు. ఊరు వాడి వదిలేసిన నీళ్లను శుభ్రం చేసి మళ్లీ ఊరికే పంపే ఆ కేంద్రంలో వాసన చూడటమే అతని పని. యంత్రాలకేం, బోలెడున్నాయి. కానీ ముక్కు చేసే పని ముక్కే చెయ్యాలి.

ఆ నీళ్లు తాగడానికి కాదు. ఊదారంగు గొట్టాల్లో పడి పార్కులకూ, రోడ్ల పక్క చెట్లకూ పోతాయి. ఎండాకాలం వస్తే అందరికీ అవే కావాలి, సరిగ్గా అప్పుడే తక్కువపడతాయి. కిందటేడు గొట్టం చివరి వీధుల్లో చెట్లు నిలువునా ఎండిపోయాయి. అందుకని కొత్త నీళ్ల కోసం వెతికారు. వానకాలువను కలిపారు, పెద్ద దుకాణం నేలమాళిగలో ఊరే ఊటను కలిపారు. అవీ చాలక, లాండ్రీలో బట్టలు జాడించి పారబోసే నీళ్లకు గొట్టం వేశారు. ఇవాళ దానికి పరీక్ష. శుభ్రమై బయటికొచ్చిన నీటిలో సబ్బు వాసన మిగిలితే ఆ గొట్టం మూసేస్తారు. ఇక చివరి వీధుల చెట్ల గతి దేవుడెరుగు.

గొట్టం కోసం వీధులు తవ్వినన్నాళ్లూ ఊరంతా తిట్టుకుంది. ముక్కాయన ఒక్కడే రోజూ చుట్టూ తిరిగి వెళ్లి, ఆ గుంత అంచున నిలబడి చూసి వచ్చేవాడు. ఆ గుంతలో ఏం పారేసుకున్నావని పంపు ఆపరేటర్ ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆ లాండ్రీలో జాడింపు తొట్ల దగ్గర అతని భార్య పనిచేసేది. సాయంత్రానికి వేళ్లు నాని ముడతలు పడేవి. వాసన చూసేవాడి ఇంట్లో అత్తర్లూ, వాసన నూనెలూ ఉండకూడదు, ముక్కు చెడిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెబితే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న నూనె సీసాను మారుమాట లేకుండా పక్కింటావిడకు ఇచ్చేసింది. "మీ ముక్కే నాకు సవతి" అని మాత్రం నవ్వేది. ఆమె అన్నీ వదులుకున్నా, సబ్బూ గంజీ కలిసిన లాండ్రీ వాసన ఆమెను వదల్లేదు. గుమ్మంలోనే అతను చేతులు కడుక్కు రమ్మనేవాడు. ఆమె కడుక్కునే వచ్చేది. అయినా పక్కకు తిరిగి పడుకుంటే దిండు మీద అదే వాసన. అది తనకిష్టమని అతను ఒక్కసారీ చెప్పలేదు. రోజూ ఉండేదాని గురించి ఎవరు చెబుతారు?

ఆమె పోయాక కూతురు, మంచి మనసుతోనే, దిండు గలీబులూ దుప్పట్లూ తల్లి బట్టలూ అన్నీ ఉతికి మడతపెట్టి వెళ్లింది. అతను బీరువా తెరిచి తల లోపల పెట్టి చూశాడు. ఏమీ లేదు. ఏ నీటిలోనైనా ఇసుమంత తేడా పట్టే ముక్కు తన ఇంటి బీరువా ముందు ఓడిపోయింది.

ఈ పనికో నియమముంది. ముందు శుభ్రమైన నీళ్లు చూడాలి, తర్వాతే మురికివి. తలకిందులు చేస్తే మురికి వాసన ముక్కులో తిష్ఠవేసి, ఏమీలేని నీళ్లలోనూ ఉన్నట్టే తోస్తుంది. కొత్తగా చేరేవాళ్లకు అది నేర్పేదే అతను. అయినా ఈ ఉదయం బల్ల మీద రెండు సీసాలుంటే, అతని చెయ్యి లాండ్రీ సీసా మీదికే పోయింది.

మూత తీయగానే ఆమె గుమ్మంలో నిలబడింది. తడి చేతులు, ముడతల వేళ్లు. అతను మళ్లీ పీల్చాడు. గుండె బరువెక్కితే, పొద్దున మెట్లెక్కిన ఆయాసమే అనుకున్నాడు.

తర్వాత శుభ్రమైన నీళ్ల సీసా ఎత్తాడు. సబ్బు. ఇంకోసారి చూశాడు. సబ్బే. అది నీటిలో ఉందో, తన ముక్కులో ఉందో, అంతకన్నా లోపలెక్కడో ఉందో తేలలేదు. వాసన ఉందంటే గొట్టం మూస్తారు, రేపటి నుంచి ఈ లాండ్రీ సీసా రాదు. లేదని చెబితే అది అబద్ధమైనా కావచ్చు. ముక్కుసూటి మనిషని పేరుపడ్డవాడు బల్ల ముందు దొంగలా నిలబడ్డాడు.

ల్యాబు అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది.

"తప్పు చేశానమ్మా. లాండ్రీది ముందు చూశాను. ఈవేళ నా ముక్కుని నమ్మొద్దు."

"మీరా బాబాయ్?" అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది.

"మా ఆవిడ అక్కడే పనిచేసేది."

అమ్మాయి శుభ్రమైన నీళ్ల సీసా తన వైపు జరుపుకుంది. తనూ పంపు ఆపరేటరూ చూస్తామనీ, కాసేపు బయట గాలికి కూర్చోమనీ చెప్పింది. గుమ్మం దగ్గర అతను ఆగి, లాండ్రీ సీసా పట్టుకెళ్లనా అని అడిగాడు. ముక్కు తేటపడాలని బయటికి వెళ్లేవాడు చెయ్యకూడని పని అదొక్కటే. ఆమె పట్టుకెళ్లమంది.

గోడ నీడన పాత కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్లూ తను చేసింది వాసనలు పోగొట్టడమే. ఇవాళ అందరూ తమ పని బాగా చేసి ఉంటే, ఆమె చేతులు నానిన తొట్ల నీళ్లు చివరి వీధి చెట్టు దాకా పోతాయి గానీ ఆమె వాసన అక్కడికి చేరదు. చేరకూడదు. అది తెలిసీ, కొంచెం మిగిలితే బాగుండునని అతనికి ఎంతగానో అనిపించింది. సీసా మూత తీశాడు.

లోపల ఇద్దరూ విడివిడిగా చూశారు. ఏ వాసనా లేదు. వాల్వు తిప్పి చివరి వీధులకు నీళ్లు వదిలారు. లాండ్రీ గొట్టం ఉంటుందనీ, రోజూ సీసా వస్తుందనీ చెప్పడానికి అమ్మాయి బయటికొచ్చింది. అతను తల గోడకానించి కళ్లు మూసుకుని ఉన్నాడు. వాసన చూసేటప్పుడు అలాగే మూసుకుంటాడు కాబట్టి, ఆమె కదిలించకుండా కాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి పట్టుకుని చూసి, పంపు ఆపరేటర్‌ను పిలిచింది.

సాయంత్రం కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చేతులు ఊరికే ఉండలేక, ల్యాబు అమ్మాయి మూతపెట్టి కుర్చీ కింద ఉంచిన సీసా తీసుకుంది. ఆఫీసు సామాను కదా, కడిగి ఇచ్చేద్దామని కొళాయి తిప్పి, మూత తీసింది. సీసాను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మ వాసన" అంది.

కొళాయి కట్టేసి, మూత గట్టిగా బిగించి, సీసాను గట్టు మీద పెట్టింది. లోపల సగం దాకా నీళ్లు, మెడ దగ్గర ఇంకా ఆరని సబ్బు నురగ.