నాలుగిళ్ల బియ్యం

బుచ్చన్న బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు బియ్యం పైకి తీశాడు. కిటికీ దగ్గరికి పోయి అరచేతిలో పరుచుకుని చూశాడు. పొడుగ్గా సన్నగా ఉన్నవి బాస్మతి. పొట్టిగా తెల్లగా ఉన్నవి సోనామసూరి. లావుగా, ఒంటిమీద ఎర్రటి గీతతో ఉన్నవి కేరళ నర్సులు తినే ఉప్పుడు బియ్యం. మూడూ కలిసే ఉన్నాయి, ఎప్పటిలాగే. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి జావైపోతుంది, మూడోది పంటికింద పలుకులా తగులుతుంది. అడుగు నుంచి తీస్తే ఏమైనా తేడా ఉంటుందేమోనని ప్రతి శుక్రవారం ఆయనకో పిచ్చి ఆశ. ఆ గుప్పెడు మళ్లీ బస్తాలో పోసి, డేగిశా ముందుకు లాక్కుని బియ్యం కొలవడం మొదలుపెట్టాడు.

రియాద్ ఊరి చివర సులైలో, గోదాముల వెనకాల, రేకుల గదులు వరసగా వేసిన క్యాంపు అది. ఒకప్పుడు మూడు బస్సుల నిండా పనికి పోయేవాళ్లు. తర్వాత కంపెనీ ఎర్ర రంగులో పడింది. సౌదీవాళ్లను తగినంతమందిని పెట్టుకోని కంపెనీలకు సర్కారు వేసే రంగు అది. ఆ రంగు పడితే ఇకామా, అంటే ఆ దేశంలో ఉండి పని చేసుకోనిచ్చే కార్డు, ఎవరికీ కొత్తది రాదు. దానిమీద మనిషికింత అని లెవీ వచ్చి పడింది. మొదట జీతాలు ఆగాయి, తర్వాత మెస్సు సామాను ఆగింది, ఆఖరికి మేనేజరు ఫోను కూడా ఆగిపోయింది. మిగిలినవాళ్లు నలభైమంది దాకా ఉన్నారు. వాళ్లందరికీ రెండు పూటలా వండిపెట్టేది బుచ్చన్న.

ఆయన ఇకామా మీద మాత్రం మేస్త్రీ అని ఉంటుంది. వచ్చింది గోడలు కట్టడానికే. వచ్చిన కొత్తలో ఒకరోజు క్యాంపు వంటమనిషికి జ్వరం వస్తే, సిరిసిల్ల దగ్గర తమ ఊళ్లో పెళ్లిళ్లకు మామ వెంట వంటలకు పోయిన అలవాటుతో ఆ ఒక్కపూటకు గరిటె పట్టుకున్నాడు. ఆ ఒక్కపూట ఇరవై ఏళ్లు సాగింది. దించమని ఆయన అడగలేదు, దిగమని ఎవరూ చెప్పలేదు. నాలుక లేదేమో అనిపించేంత మెత్తని మనిషి. కూరలో ఉప్పెక్కువైందంటే తలూపేవాడు, బాగుందన్నా అంతే ఊపేవాడు.

బియ్యం వచ్చే దారి మాత్రం చెప్పుకోవాలి. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే సుందరిది బాపట్ల వైపు ఊరు. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం అందరూ తెచ్చి చర్చిలో ఒకే గంపలో పోస్తారు. అందులోంచే లేనివాళ్లకు పెడతారు. సుందరి ఆ అలవాటును నర్సుల క్వార్టర్స్‌కు తెచ్చి, మెట్లకింద ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టింది. మలయాళం సిస్టర్లూ వచ్చి పోశారు. కడప డ్రైవర్ల సంఘం కాలేషా తమ గదుల నుంచి తెచ్చి అందులోనే పోశాడు. అల్ ఖోబర్‌లోని ఇంజనీర్ల ఇళ్ల నుంచి వచ్చే సంచులూ అందులోకే పోయాయి. బాపట్ల పొలాల్లో అందరూ ఒకే రకం పండిస్తారు కాబట్టి అక్కడ ఒకే గంప సరిపోయింది. ఇక్కడ నాలుగిళ్లూ ఒకే రకం తినవన్న సంగతి ఆ మంచి మనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

నర్సులు, డ్రైవర్లు, ఇంజనీర్లు, ఈ సంఘాలన్నీ మొదట ఎవరికి వాళ్లే సాయం చేసేవి. ఒక క్యాంపుకు ఒకే వారం మూడు లోడ్లు పోయేవి, పక్క క్యాంపులో పొయ్యి వెలిగేది కాదు. అప్పుడు అందరూ కూర్చుని ఒక్కటయ్యారు. ఏ సాయం ముందు ఎవరికందాలో ఇచ్చేవాళ్లు కాదు, తీసుకునేవాళ్లే చేతులెత్తి తేల్చుకోవాలని మాట అనుకున్నారు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు: ఎవరి అవసరం వాళ్లే లేచి చెప్పాలి, ఒకరి తరఫున ఒకరు చెప్పకూడదు. అంతకుముందు ఒక క్యాంపులో ఒక పెద్దమనిషి ముందు తన బావమరిది పేరు, తర్వాత తోడల్లుడి పేరు చెప్పి, నడుం విరిగినవాణ్ని మంచంమీదే వదిలేశాడు. అందుకని పెట్టిన కట్టుబాటు.

దేశం విడిచి ఇంటికి పోనిచ్చే ఎగ్జిట్ కాగితాలు అందరికీ వచ్చాయి. నెలాఖరుతో వాటి గడువు తీరుతుంది. కావలసింది టిక్కెట్లు. సంఘాలు ఎన్ని టిక్కెట్లు తేగలిగితే శుక్రవారం శుక్రవారం అంతమంది వెళ్తున్నారు. టిక్కెట్టు ఎవరికో తేల్చే సభలో ప్రతిసారీ బుచ్చన్న గోడకానుకుని నిలబడి, ఎవరో ఒకరికి చెయ్యెత్తి, మళ్లీ వంటగదిలోకి పోయేవాడు. తన పేరు ఎవరో ఒకరు తలుచుకుంటారని లోపల్లోపల ఎదురుచూసేవాడు. వాళ్లేమో బుచ్చన్న కాకాకు ఇక్కడే బాగున్నట్టుంది అనుకునేవారు.

ఎసరు మరిగే వేళకు హన్మాండ్లు వచ్చాడు. జగిత్యాల పిల్లగాడు, సెంట్రింగు పని. డేగిశా ఎత్తడానికి రోజూ వాడే సాయం పడతాడు. ఈమధ్య బుచ్చన్న ఒక్కడే ఎత్తితే గుండెల్లో ఎవరో కూర్చున్నట్టు ఊపిరి ఆడటం లేదు.

"కాకా, ఇయ్యాల నేను నిలబడుత. నా పెండ్లానికి నెలలు నిండినయి. తొలి కాన్పు."

"మంచిది బిడ్డా."

"నాకు చెయ్యి లేపుతవు గదా?"

"లేపుత తియ్‌రా."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. హన్మాండ్లు అటు పోగానే మాత్రం పొయ్యి పక్కన కూలబడి చాలాసేపు లేవలేకపోయాడు.

జుమ్మా నమాజు అయ్యాక కాలేషా వ్యాన్ వచ్చింది. సుందరి కూడా దిగింది. మామూలుగా ఆమె సభ అయ్యేదాకా ఉండి డ్యూటీకి వెళ్లిపోతుంది. ఆరోజు ఆకలిగా ఉందని, అందరితో పాటు పళ్లెం పట్టుకుని చాపమీద కూర్చుంది. బుచ్చన్న గబగబా గరిటె అందుకున్నాడు. ఆమెకు వడ్డించే గరిటెడులో మెత్తటి మెతుకులు ఏరి వేయబోయాడు గానీ, ఏరితే వచ్చేవా అవి!

ఆమె రెండు ముద్దలు తిని, నములుతూ ఆగింది. పళ్లెం ఖాళీ చేసి, దాన్ని తీసుకుని వంటగదిలోకి వచ్చింది.

"అన్నయ్యా, ఈ అన్నం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? కొంత ముద్ద, కొంత పలుకు?"

"మూడు తీర్ల బియ్యం గద సిస్టరమ్మా. కలిపి వస్తయి."

ఆమె బస్తాలో చెయ్యి పెట్టి చూసింది. మొహం ఎర్రబడింది. "మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేంటండీ? మెట్లకింద మూడు డ్రమ్ములు పెట్టడం ఎంతసేపు?"

"ఇచ్చేటోళ్లకు వంక పెడ్తమా అమ్మా."

సుందరికి ఆ మాట చెంపమీద తగిలినట్టయింది. తలదించుకుంది. దించినప్పుడే ఆయన కాళ్లు చూసింది. చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. అడక్కుండానే కింద కూర్చుని చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా సొట్ట అలాగే ఉండిపోయింది.

"పడుకుంటే ఆయాసం వస్తోందా?"

"లేచి కూసుంటే తగ్గుతది."

"ఇది గుండె సంగతి అన్నయ్యా. మా డాక్టరు గారిని బతిమాలి మందులు తేగలను గానీ, అవి నాలుగు రోజులకే. ఇకామా లేకుండా ఇక్కడ ఎవరూ మిమ్మల్ని పూర్తిగా చూడరు. మీరు ఇంటికెళ్లాలి."

బుచ్చన్న మసిగుడ్డతో గట్టు తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. "నా దిక్కెళ్లి నువ్వే చెప్పరాదు, సిస్టరమ్మా?"

సుందరి లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పకూడదు. ఆ కట్టుబాటు పెట్టమని పట్టుబట్టిందే నేను. ఇవాళ మీకోసం నేను చెప్తే, రేపు ఇంకొకడు వాళ్ల బావమరిది కోసం చెప్తాడు. మీరే లేవాలి. మీరు లేస్తే ఆపేవాళ్లు ఎవరూ లేరు."

తినే హాల్లోనే అందరూ కూర్చున్నారు. కాలేషా మధ్యలో నిలబడ్డాడు.

"ఈ వారం టిక్కెట్టు ఒకటే ఉండాది, ఈ రాత్రి ఇమానానికే. ఖోబర్‌లో సంసారాల మీద గూడా ఫీజులు ఏసినారు గదా, ఖాళీ జేసి ఎల్లిపోతాండారు. ఇచ్చే చేతులు తగ్గినాయి. సంఘాలకు ఏమన్నా సెప్పాల్నంటే ముందు సెప్పండి. ఆ మీదట టిక్కెట్టు ఎవురికి గావాల్నో లేసి అడగండి. నిలబడినోళ్లు సెయ్యెత్తకూడదు, కూసున్నోళ్లే తేల్చాల."

సంఘాలకు చెప్పడానికి ఎప్పుడూ ఎవరూ ఏమీ అనరు. కాలేషా రెండో మాటలోకి పోబోతుండగా గోడ దగ్గర అలికిడి అయింది. బుచ్చన్న ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు. పొయ్యి వేడికి మసిబారిన బనియను, భుజంమీద తువ్వాల, చేతులు రెండూ తొడలకు ఆనించుకుని, బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా.

"బియ్యం కలిపి పంపకుండ్రి. వేరేవేరే సంచుల్ల పంపుండ్రి. ఒక్కటి ఉడికితే ఒక్కటి ఉడుకుత లేదు."

"అట్లే బుచ్చన్నా, పంపిస్తాం," అన్నాడు కాలేషా. కొందరు నవ్వారు. పలుకులు నమిలి నమిలి ఉన్నవాళ్లే కదా.

బుచ్చన్న కూర్చోలేదు. హన్మాండ్లు అప్పటికే లేచి తన భార్య సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. వాడు చెప్పిందంతా బుచ్చన్న విన్నాడు. పొద్దున ఇచ్చిన మాట గుర్తుంది. ఇప్పుడు కూర్చుంటే ఆ మాట నిలబడుతుంది. ఊళ్లో భార్య లచ్చవ్వ గుర్తొచ్చింది. పక్క గదిలో పోయిన మల్లేశం శవపెట్టె, కంపెనీ సంతకం కోసం శవాల గదిలో నెలల తరబడి పడి ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఆయనకు భయం వేసింది. ఆ భయమే నోరు తెరిపించింది.

"నాక్కూడ ఇంటికి పోవాలనున్నది," అన్నాడు.

కూర్చున్నవాళ్లంతా ఆయనవైపు తిరిగారు.

"పానం బాగుంట లేదు. ఈడనే సచ్చిపోతనేమోనని భయమైతున్నది. ఈ పిల్లగాని కాన్పు సంగతి నాకెర్కనే. అయినా గూడ... నాకు పోవాలనున్నది."

వెనక నుంచి ఎవరో, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే, "మరి వంటెవరు జేస్తరు కాకా?" అని అడిగారు.

"మీరే చేస్కోవాలె," అన్నాడు బుచ్చన్న. ఇరవై ఏళ్లలో ఆయన ఆ క్యాంపులో ఒకరికి లేదని చెప్పడం అదే మొదలు.

చేతులు లేచాయి. హన్మాండ్లుకూ లేచాయి, తక్కువేమీ కాదు. బుచ్చన్నకు మొదట ఒకటి లేచింది, కాస్త ఆగి ఇంకో రెండు, ఆ తర్వాత గోడవారగా ఉన్నవాళ్లంతా ఎత్తారు. ఎక్కువ ఎటున్నాయో కాలేషా చెప్పక్కర్లేకపోయింది. సుందరి చేతులు ఒళ్లోనే గట్టిగా ముడుచుకుని కూర్చుంది.

అందరూ లేచిపోయాక బుచ్చన్న హన్మాండ్లు దగ్గరికి పోయాడు. మాట తప్పాను, మన్నించు అందామనుకున్నాడు. తప్పినందుకు బాధగానే ఉంది గానీ, టిక్కెట్టు తిరిగిచ్చేసేంత బాధ కాదని తనకే తెలుసు. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"వచ్చే వారం నీకే లేపుతరు అందరు," అన్నాడు.

"గడువు ఉంటే సూద్దాం తియ్," అన్నాడు హన్మాండ్లు, నేలకేసి చూస్తూ. మళ్లీ తనే, "పోయిరా కాకా," అన్నాడు. తలెత్తలేదు.

సుందరి డ్యూటీకి వెళ్లే ముందు, దారిలో వేసుకోమని మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చింది. బుచ్చన్న సర్దుకునేది ఎక్కువ లేదు. స్నానం చేసి, పెట్టె అడుగునున్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. వ్యాన్ వచ్చేదాకా గదిలో కూర్చోకుండా, అదే చొక్కాతో వంటగదిలోకి పోయి చాలాసేపు ఉన్నాడు. ఏం చేస్తున్నాడో ఎవరూ చూడలేదు. ఎండ తగ్గే వేళకు కాలేషా హారన్ కొట్టాడు. నలుగురైదుగురు గేటుదాకా వచ్చారు. వ్యాన్ ఎక్కేటప్పుడు మెట్టుమీద ఆయాసం ఆపుకోవడానికి ఆగితే, కాలేషా చంకకింద చెయ్యివేసి పైకి లాగాడు. గోదాముల మలుపు తిరిగేదాకా బుచ్చన్న వెనక్కి చూడలేదు. తర్వాత చూశాడు గానీ అప్పటికి దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

మర్నాడు తెల్లవారి, రాత్రి వండేవాళ్లు లేక పస్తు పడుకుని ఆకలికి లేచినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ చెప్పకపోయినా హన్మాండ్లే లేచి వంటగది తలుపు తోశాడు. పొయ్యి తుడిచి ఉంది, డేగిశాలు బోర్లించి ఉన్నాయి. గట్టుమీద, గోడవారగా, మూతగా పళ్లెం పెట్టిన బేసిను ఒకటి ఉంది. అందులో అందరికీ చాలేన్ని శనగలు. ఉడకబెట్టి తాలింపు వేయాలో, కూరలో వేయాలో చెప్పేవాళ్లు లేరు. రాత్రంతా నీళ్లు పీల్చుకుని ఉబ్బిన శనగలు పళ్లాన్ని బేసిను అంచుమీది నుంచి కొద్దిగా పైకి లేపి ఉన్నాయి.