ఇప్పచెట్టు గద్దె

ఆ ఏడు ఇప్పచెట్టు పూయలేదు. తెల్లారగట్ల రాలిన పువ్వు ఏరుకోవడానికి బుట్టలతో వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతోనే తిరిగిపోయారు. దేవి అలిగిందని తండా అంతా అనుకుంది. అసలు కారణం తెలిసినవాడు కోటేష్ ఒక్కడే.

పాత చెట్లను వెతకడమే అతని ఉద్యోగం. ఖమ్మం రోడ్డు వెంట ప్లాట్ల రాళ్ళు పాకి పాకి టేకులపల్లి అడవి అంచు దాకా వచ్చాయి. ఆ రాళ్ళ మధ్య ఎక్కడైనా ముసలి చెట్టు మిగిలి ఉంటే చుట్టుకొలత తీసి, ఫొటో తీసి, నరకకూడదని రాసిన రేకు బోర్డు కట్టాలి. అలా కట్టిన చెట్లను జేసీబీలు బోర్డుతో సహా పడగొట్టాయి. అందుకే సొంత తండా పక్కనున్న ఇప్పచెట్టు వంతు వచ్చేసరికి అతనికి బోర్డు మీద నమ్మకం పోయింది. చిన్నప్పుడు మనుషులు ఎక్కువైనప్పుడల్లా అతను దూరి కూర్చున్న తొర్ర ఆ చెట్టుదే. ఒక మధ్యాహ్నం ఎవరూ లేని సమయం చూసి మొదలుకు పసుపు పూశాడు, కుంకుమ పెట్టాడు, ఎర్రగుడ్డ కట్టాడు. వాగులోంచి ఒక గుండ్రాయి తెచ్చి నిలబెట్టాడు. మరునాడు జేసీబీ డ్రైవరు చెప్పులు విడిచి దండం పెట్టి, బండి వెనక్కి తిప్పుకున్నాడు. దేవుడంటే నమ్మకం లేని కోటేష్ ఆ రోజు లోలోపల నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. తమ దేవత మేరమ్మ వెలిసిందని తండా కదిలి వచ్చింది. అక్కడ ప్లాట్ల వెంచరు వేసిన మంగీలాల్ కూడా తండావాడే. దేవి ఉన్నచోట ప్లాట్లు త్వరగా పోతాయని లెక్కవేసి, మొదలు చుట్టూ నడుమెత్తు సిమెంటు గద్దె కట్టించి టైల్స్ వేయించాడు. వేళ్ళకు నీళ్ళు లేవు, గాలి లేదు. గద్దె అంచున బెరడు మెత్తబడి నల్లటి రసం కారుతుంటే, అది దేవి కన్నీరని ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు.

“గద్దె తియ్యాలె మంగీ. లేకుంటే చెట్టు చస్తది,” అన్నాడు కోటేష్.

“తీద్దాం అన్నా. ముందు నువ్వు పోయి తండాల చెప్పిరా,” అన్నాడు మంగీలాల్ పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. “కాళ్ళు మిగిలి నడిచొస్తే గడ్డపార నేనే అందిస్త. దేవి నెత్తిన నీడ లేక అలిగింది. మంగళారం గద్దె మీద స్లాబ్ పోస్తున్నం. అడ్డమొచ్చే రెండు కొమ్మలు తీసేస్తే అయిపాయె.”

ఆ రెండు కొమ్మలూ పోతే మిగిలేది మోడే.

కోటేష్ తిన్నగా పెద్దమ్మ బాలి దగ్గరికి వెళ్ళాడు. తండాలో ఆమె మాటకు ఎదురులేదు. ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

“పెద్దమ్మా, ఆ గుడ్డ కట్టింది నేను. రాయి తెచ్చింది నేను. ఆడ దేవి లేదు.”

ఆమె చేయి ఆగలేదు. “అవ్, నువ్వే కట్టినవ్. నేను చూసిన.”

“చూసినవా? మరి ఎవరికీ చెప్పలేదేంది?”

“ఏం చెప్పాలె? తండాల దండం పెట్టనోడివి నువ్వొక్కడివే. నీ అసొంటోనితోని బొట్టు పెట్టించుకున్నదంటే ఆమె ఎంత గట్టిదో చూడు.”

నిజం చెబితే బయటపడతానని అతను అనుకున్నాడు. ఆ నిజం కూడా గద్దెలో ఒక ఇటుకైంది.

ఇంట్లో భార్య పుష్ప అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. “ఏందయ్యా చెట్ల మొగడా, ముద్ద దిగుతలేదా? నీ పెద్దపెళ్ళాం అలిగిందంటగద?” అని మోచేత్తో పొడిచింది. ఆ వేళాకోళానికి రోజూ నవ్వేవాడు. అప్పుడూ నవ్వాడు గానీ ముద్ద కంచంలోనే వదిలి చేయి కడుక్కున్నాడు.

మంగళవారం తండా అంతా చెట్టు దగ్గర చేరింది. డప్పులు మోగుతున్నాయి, కంకర కలిపే మిల్లరు తిరుగుతోంది. ఒకడు రంపం పట్టుకుని కొమ్మెక్కాడు. రంపం పళ్ళు బెరడుకు ఆనిన చప్పుడు కోటేష్‌కు తన పక్కటెముకల్లో వినిపించింది. ఏమీ అనుకోకుండానే గద్దె మీదికి ఉరికాడు. మొదటి వణుకు తెచ్చిపెట్టుకున్నదే. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియలేదు.

“నా చుట్టూ సిమెంటు పోసిన్రు,” అని అరిచాడు. ఆ గొంతు అతనికే కొత్తగా ఉంది. “నాకు ఊపిరాడ్తలేదు. తియ్యిన్రి. అంతా తియ్యిన్రి.”

రంపం ఆగింది. బాలి పరుగున వచ్చి అతని కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ముఖం పాలిపోయిన మంగీలాల్ గడ్డపార అందుకుని మొదటి దెబ్బ తనే వేశాడు.

పొద్దు వాలేసరికి టైల్స్, సిమెంటు పెళ్ళలు కుప్పపడ్డాయి. నల్లమట్టి బయటపడింది. ఆడవాళ్ళు బిందెలతో పోసిన నీళ్ళను ఆ మట్టి చప్పుడు చేస్తూ తాగింది. పెళ్ళల వెనక మూసుకుపోయిన తొర్ర కనిపించింది. దానిలోకి దూరాలనిపించి కోటేష్ అడుగు వేసేలోపే ఒక తల్లి జ్వరపు బిడ్డను అతని కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది.

“నేనేం చేస్త? దవాఖానాకు తీస్కపో,” అన్నాడు.

“దేవి దవాఖానాకు పొమ్మన్నది,” అంటూ జనం ఆమెకు దారిచ్చారు.

బాలి అతని ముంజేతికి ఎర్రగుడ్డ కట్టింది. “ఇగ ప్రతి మంగళారం నువ్వు ఈడ్నే కూసోవాలె బిడ్డా. ఆమెకేం కావాల్నో నీ నోటితోనే చెప్తది.”

అతను పైకి చూశాడు. రంపం గాటు పడిన కొమ్మ అలాగే ఉంది. తను రాకపోతే వచ్చేది మళ్ళీ సిమెంటే. అతను తలూపాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిలి కడిగి ఉంది. లోపల ఒక మూల కొత్త చాప పరిచి ఉంది.

“మంచం ఏమైంది?” అన్నాడు.

“పెద్దమ్మ చెప్పింది. దేవి వచ్చిన ఒళ్ళంట. ఆడమనిషి తగలొద్దంట.” పుష్ప తల ఎత్తలేదు.

“పుష్పా, అదంతా నేను కావాలని...”

ఆగిపోయాడు. తొడిమలు తీస్తూ బాలి అన్న మాట గుర్తొచ్చింది.

పుష్ప అన్నం కంచం దూరం నుంచే జరిపి, కొంగు నెత్తిన కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అతను ముద్ద కలిపి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చెట్ల మొగడా అని ఒక్కసారి పిలుస్తుందేమోనని చూశాడు. ఆమె చేతులు జోడించి, అతను తినడం కోసం ఎదురుచూస్తోంది.