అన్న పేరు మీద

సోమవారం ఉదయం పదీ నలభైకి మండల ఆఫీసులో సారవ్వ వితంతు పింఛను దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఆమె ఆధార్‌లో భర్త పేరు గట్టయ్య. మరణ ధ్రువపత్రంలో సదయ్య.

"ఇంతకు నీ పెనిమిటి ఒక్కడేనా అవ్వా, ఇద్దరా?" అన్నాడు క్లర్కు రఘుపతి.

"ఒక్కనితోనే సాలైంది బిడ్డా," అంది సారవ్వ. పక్కన నిలబడ్డ మరిది వైపు తిరిగింది. "రాసినోడు తప్పు రాసిండు. గంతేనా?"

మరిది తలూపాడు.

తప్పు ఎవరిదో అతనికి తెలుసు. ముప్పై నాలుగేళ్ల కింద బొగ్గుబాయి ఉద్యోగానికి పిలుపు అన్నకే వచ్చింది. అన్న ఒక్క షిఫ్టు దిగి, చస్తే మళ్లీ దిగనన్నాడు. మరునాడు తమ్ముడు అన్న పేరు చెప్పి దిగాడు. అప్పటి నుంచి గోదావరిఖనిలో అతనే గట్టయ్య. ఊళ్లో అన్నా గట్టయ్యే. మొన్న మాఘంలో అన్న పోయాడు. పంచాయతీలో పేరు అడిగారు. గట్టయ్య చనిపోయాడని రాయిస్తే, ఇంకా పద్నాలుగు నెలలున్న ఉద్యోగం పోతుంది. తన పేరు, సదయ్య అని చెప్పాడు. తలకొరివి పెట్టిన చేతులతోనే ఆ కాగితం తెచ్చి వదినెకు ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు.

"సాక్షి ఎవలన్న ఉన్నరా?" రఘుపతి అడిగాడు.

"ఈడనే ఉన్నడు గదా, మా మరిది. చెప్పు సదయ్యా."

రఘుపతి పెన్ను ఆపాడు. "సదయ్యనా? కార్డు సూపియ్యి కాకా."

కంపెనీ కార్డు మీద గట్టయ్య అని ఉంది.

"సచ్చినోడు సదయ్య. బతికున్నోడు గట్టయ్య. అవ్వ మొగుడు గట్టయ్య," రఘుపతి నవ్వాడు. "అయితే మొగనివి నువ్వే కాకా. నువ్వుండంగ పింఛన్ ఎట్లొస్తది?"

వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. సారవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకుండ్రి," అన్నాడతను. "సదయ్యను నేను. పోయింది మా అన్న గట్టయ్య. పంచాయతీల నేనే అబద్ధం చెప్పిన."

"రాసిస్తవా?"

"కాయితం ఇయ్యి."

సారవ్వ అతని మోచెయ్యి పట్టుకుంది. "నీ నౌకరి పోతది గదరా!"

"ఇన్నేండ్లు అన్న పేరు మీదనే బతికిన. ఇడువు వదినె."

ఐదు వాక్యాలు రాశాడు. సంతకం దగ్గర చెయ్యి అలవాటుగా గట్టయ్య అని రాసింది. కొట్టేసి, కింద సదయ్య అని రాశాడు. పదకొండూ ఇరవైకి రఘుపతి ఆ కాగితం మీద ఆఫీసు ముద్ర వేశాడు.