ఆ పద్దెనిమిది మార్కులు

అక్కకి కుర్చీలో కుదురు లేదు. బల్లకి అటు డాక్టరమ్మ, ఇటు తమ్ముడు. నలభై రెండేళ్లొచ్చినా ఇంటిల్లిపాదికీ వాడు బుజ్జిగాడే. పుట్టుకతోనే బుద్ధి మాంద్యం. అయినా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి ఏ అరలోవి ఆ అరలో సర్దడంలో వాడికి తిరుగులేదు. అలాంటివాడు నెల రోజులుగా అరలు తారుమారు చేస్తున్నాడు. ఇలాంటివాళ్లకి మతిమరుపు జబ్బు తొందరగా రావచ్చని విన్న దగ్గర్నుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు.

డాక్టరమ్మ బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. తర్వాత నాలుగేసి బొమ్మలు పరిచి, "ఇందాక చూసింది ఏది బుజ్జీ?" అంది.

వాడు బొమ్మల్ని కాదు, అక్క మొహాన్ని చూశాడు. వేలు నిచ్చెన మీదికి పోగానే ఆవిడ కనుబొమలు వాటంతటవే లేచాయి.

"నిచ్చెన!" అన్నాడు.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా."

కూర్చుంటేగా! వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. గోడమీది నోటీసు మూడుసార్లు చదివింది, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. దాహం లేకుండానే నీళ్లు తాగింది.

ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది.

"ఇరవైకి పదకొండు. రెండేళ్ల కిందట ఇదే పరీక్షలో పద్దెనిమిది. ఇంత తగ్గిందంటే మతిమరుపు మొదలైందనే రాయాలి," అంది డాక్టరమ్మ.

అక్క గబుక్కున అడ్డుపడింది. "రాయకండి మేడమ్. ఆ పద్దెనిమిది వాడివి కావు. అప్పుడు వాడు తడబడినప్పుడల్లా, వేలు సరైన బొమ్మ మీదికి రాగానే నేను దగ్గాను."

"ఎందుకమ్మా?"

"వాడు తెల్లమొహం వేస్తే చూడలేకపోయాను."

డాక్టరమ్మ పాత మార్కుల కాగితం పక్కన పెట్టేసింది. "అప్పట్లో ఇతనికి ఎంత గుర్తుండేదో ఇక ఎవరికీ తెలీదు. ఈ పదకొండే మొదటిదనుకుందాం. ఆర్నెల్లకి మళ్లీ రండి. ఈలోగా కళ్లూ చెవులూ చూపించండి."

సిగ్గుతో తల దించుకునే బయటికొచ్చింది అక్క.

మర్నాడే కళ్ల డాక్టరు తేల్చేశాడు: రెండు కళ్లలోనూ శుక్లాలు.

"అంటే మతిమరుపు లేనట్టేనా?" ఆత్రంగా అడిగింది.

"అది నేను చెప్పలేనమ్మా. ఆపరేషన్ అయ్యాక ఆ పరీక్ష మళ్లీ పెట్టించండి. ఇన్నాళ్లూ మాత్రం అన్నీ మసగ్గానే కనబడుంటాయి."

అక్క తమ్ముడివైపు తిరిగింది. "నాకు చెప్పొద్దట్రా?"

బుజ్జిగాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ అన్నాడు: "అందరికీ అంతేననుకున్నానక్కా."