బావగారి బూట్లు ఎక్కిన కొండ

ఆ ఊళ్లో పరుగుకి మూడు దారులున్నాయి. సముద్రం ఒడ్డున ఒకటి, అడవిలోంచి ఒకటి, కొండ మీదికి ఒకటి. ఎవరు ఏ దారిన పరిగెత్తారో వాళ్లకన్నా బాగా, బజారు మలుపులో బూట్లు బాగుచేసే అతనికి తెలుసు. ఊరంతా అతన్ని బూట్ల డాక్టరు అంటారు. బూటు తిరగేసి చూస్తే చాలు. ఉప్పుకి కుట్లు కుళ్లాయంటే సముద్రం. అడుగున ఎర్రమట్టీ ఆకుల పొడీ ఇరుక్కున్నాయంటే అడవి. వేళ్ల దగ్గరా మడమ వెనకా అరిగిందంటే కొండ, ఎక్కేటప్పుడు ముందుభాగం, దిగేటప్పుడు వెనకభాగం పోతాయి. అసలేమీ అరగలేదంటే ఆ మనిషి ఇంట్లో చెప్పేది ఒకటి, బయట చేసేది ఒకటి. అలాంటివి వారానికి నాలుగు జతలైనా వస్తాయి. డాక్టరు వాటిని తుడిచి, పాలిష్ పెట్టి, నోరు మెదపకుండా ఇచ్చేస్తాడు. కాళ్ల గుట్టు బయటపెట్టడం మొదలెడితే ఊళ్లో సగం కాపురాలు తన కొట్టు మెట్ల మీదికే తగువుకి వస్తాయని అతనికి తెలుసు.

ఆ నియమానికి గండం బావ రూపంలో వచ్చింది.

డాక్టరు అక్క మొగుడు స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. ముప్పై ఆరేళ్లు తను కదలకుండా రైళ్లని కదిలించిన మనిషి. రిటైరయ్యాక పరుగు పిచ్చి పట్టుకుంది. రోజూ తెల్లారగానే బూట్లు బిగించి సముద్రం దగ్గరికి వెళ్తాడు, నలభై అడుగులు పరిగెత్తుతాడు, బెంచీ చూసుకుని కూర్చుంటాడు. అక్కణ్ణించి దారిన పోయేవాళ్లందరికీ ఊపిరి ఎలా తీయాలో చెబుతాడు, అప్పటిదాకా వాళ్లు తీయనే లేదన్నట్టు. మధ్యాహ్నం భోంచేసి రెండింటికి నడుం వాలిస్తే నాలుగింటికి గాని లేవడు.

వింతేమిటంటే ఆయన బూట్ల అడుగులు మూడు నెలలకోసారి అరిగిపోయేవి.

“చూడవోయ్, ముందుభాగం ఎలా పోయిందో,” అనేవాడు కొట్టుకొచ్చి. “ఇంత పరిగెత్తుతున్నానని నేనే అనుకోలేదు. ధ్యాసలో పడితే దూరం తెలియదు.”

ఆయన అబద్ధాలాడే మనిషి కాడు. సాక్ష్యం కళ్లెదుట కనిపిస్తే నమ్మే మనిషి, అంతే. బెంచీ సంగతి డాక్టరు చెవినా పడింది గాని, బూటు అడుగు మాత్రం కొండ అనే చెబుతోంది. మనుషుల మాటకన్నా బూటు మాటే నమ్మే అలవాటు కాబట్టి అతనూ నమ్మాడు.

ఇంతలో ఊరి పరుగు సంఘానికి పక్క ఊరి సంఘంతో ఆదివారానికి పందెం కుదిరింది. మూడు దారులకీ ముగ్గురు మనుషులు, ఒకరు తెచ్చిన జెండా ఇంకొకరు అందుకుని పరిగెత్తాలి. సముద్రం దారి మందుల షాపావిడ తీసుకుంది. అడవి దారి కరెంటాఫీసు గుమస్తాకి ఇచ్చారు. కొండ పేరెత్తేసరికి అందరూ సీలింగు ఫ్యాను వైపు చూడటం మొదలెట్టారు. ఆరు కిలోమీటర్లు, అందులో సగం నిటారుగా ఎక్కడమే. బావ లేచి, బూట్లు విప్పి, మీటింగు బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆ అరుగుదల అందరూ వంగి చూశారు. కొండ ఆయన పేరునే రాసేశారు.

అదే బూట్లు మర్నాడు కొట్టుకొచ్చాయి. ఈసారి లోపలి మెత్త కూడా మార్చమన్నాడు. డాక్టరు మెత్త పైకి లాగుతుంటే దానితోపాటు వేళ్ల దగ్గర మడిచి కుక్కిన తువ్వాలు ముక్క ఊడివచ్చింది. మెత్త మీద రెండు పాదాల అచ్చులున్నాయి. పెద్దది పైపైన ఉంది. దాని మధ్యలో, రెండు వేళ్ల వెడల్పు మేర పొట్టిగా ఉన్న పాదం లోతుగా దిగిపోయింది. ఎడమ బొటనవేలు పక్కకి తిరిగి ఉంది. చిన్నప్పుడు బీరువా తలుపు ఊడి అక్క ఆ వేలి మీద పడితే, దెబ్బ తగిలిన మనిషికన్నా పెద్దగా ఏడ్చింది తనే.

ఫోను చేస్తే అక్క వచ్చింది. అతను తువ్వాలు ముక్క చూపించాడు. “తీయడం మరిచిపోయాను,” అంటూ ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఎన్నాళ్ల నుంచి అక్కా?”

“మూడేళ్లు. ఆయన గురక అందుకోగానే వెళ్తాను. లేచేసరికి వచ్చి కాఫీ పెడతాను.”

“నీకో జత కొనుక్కోవచ్చుగా.”

“కొంటే ఎందుకంటారు. పరుగుకంటే తనూ వస్తానంటారు. ఇక కొండంతా పాఠాలే.” ఆమె తువ్వాలు ముక్క మడిచింది. “రోజు మొత్తం మీద ఆ గంటే నాదిరా. పైకెక్కితే సముద్రం కనిపిస్తుంది. ఎవరూ ఏమీ చెప్పరు.”

“ఆదివారం బావ కొండెక్కితే సగంలోనే పడిపోతాడు.”

“అదే కదా నా భయం. చెబితే నా గంట పోతుంది, చెప్పకపోతే మనిషే పోయేట్టున్నాడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.”

డాక్టరుకి తెలిసిందల్లా బూట్లు బాగుచేయడం. కాబట్టి మొదటిసారిగా ఒక జతని పాడుచేశాడు. లోపల మందపాటి మెత్తలు వేసి, ముందు రెండు వేళ్ల వెడల్పు మేర మూసేసి, పైనుంచి కుట్టు కనపడకుండా బిగించాడు. కాలు పట్టకపోతే బావ తప్పుకుంటాడని లెక్క. ఆ లెక్క తనకే ఎంతో నచ్చింది.

ఆదివారం కొండ కింద, జనం మధ్యలో, ఆఖరి నిమిషంలో బూట్లు అందించాడు. బావ కూర్చుని కాలు దూర్చాడు. దూరలేదు. లేచి నిలబడి తొక్కాడు. ముఖం ఎర్రబడింది గాని మడమ దిగలేదు.

“అర్థమైంది,” అన్నాడు చివరికి గంభీరంగా. “పరిగెత్తి పరిగెత్తి పాదాలు పెరిగాయి.”

“అయితే మానేద్దాం బావా.”

“మానడమేమిటోయ్. ఉత్తకాళ్లతో వెళ్తాను.”

అప్పటికే గుమస్తా జెండా పట్టుకుని అడవిలోంచి బయటపడ్డాడు. బావ చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

“అవి ఇలా ఇవ్వండి,” అంది అక్క, జనంలోంచి ముందుకొచ్చి.

నేల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. మడమలు చప్పుడు లేకుండా దిగాయి. లేసులు రెండు ముళ్లు బిగించి, జెండా అందుకుని వెళ్లిపోయింది. మొదటి మలుపు దగ్గర ఎవరైనా ఆగి వగరుస్తారు. ఆమె ఆగలేదు.

“మీ అక్కకి నా బూట్లెలా సరిపోయాయోయ్?” అన్నాడు బావ.

“మూడేళ్లుగా సరిపోతున్నాయి బావా,” అన్నాడు డాక్టరు. ఇన్నేళ్ల నియమం ఒక్క ముక్కతో తీరిపోయింది.

పక్క ఊరివాడు ఇంకా కొండ మధ్యలో ఉండగానే అక్క దిగివచ్చింది. చప్పట్లు ఆగాక బావ ఆమె ముందు నిలబడ్డాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

ఆ రొప్పులో అబద్ధం వెతుక్కునే ఓపిక ఆమెకి లేదు. “చెబితే మీరూ వస్తానంటారని.”

బావ ఆమె చేతిలోని జెండా తీసుకుని నడిచాడు. ఇంటిదాకా ఒక్క సలహా కూడా చెప్పలేదు. అక్క గంట పోయిందని, పోగొట్టింది తనేనని ఆ రాత్రి డాక్టరుకి అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి బావ కొట్టు మెట్లెక్కి వచ్చాడు.

“పడుకోలేదా బావా?”

“ఇంట్లో ఉంటే నేను నిద్రపోయానో లేదో చూశాక గాని మీ అక్క కదలదు. మూడేళ్లు నా గురక కోసం కాచుకుని కూర్చుంది.” ఆయన నేల చూపులు చూశాడు. “అందుకని నేనే ముందు బయటికొచ్చేశాను. వెళ్లనీ.”

బావని ఇంత ఇష్టంగా డాక్టరెప్పుడూ చూడలేదు. లేచి, దుమ్ము తుడిచి, స్టూలు వేశాడు.

బావ స్థిమితంగా కూర్చుని కొట్టంతా ఒకసారి కలయజూశాడు. “రోజూ నాలుగింటిదాకా ఇక్కడే ఉంటాలే,” అన్నాడు. తర్వాత డాక్టరు చేతికేసి చూశాడు. “సూది పట్టుకోవడం అలా కాదోయ్.”

అక్క గంట అక్కకి దక్కింది. పోయింది తమ్ముడిది, అదీ రెండు గంటలు. డాక్టరు సూదిని బావ చెప్పినట్టే పట్టుకున్నాడు.