మెయిను ఉన్న గది

మధ్యాహ్నం వాలుతుండగా భ్రమరాంబ వంటింట్లో లైటు వేసింది. స్విచ్చిలోంచి నీలంగా నిప్పురవ్వ లేచింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. కర్రగరిటె కాడతో స్విచ్చి కట్టేసినా చిటచిట ఆగలేదు. చెక్క బోర్డు వెనక ఏదో కమురుతున్న వాసన.

విశాఖ మల్కాపురంలో సముద్రపు చెమ్మకి గోడలే ఉప్పూరతాయి, ఇక స్విచ్చిలొక లెక్కా? ఇంతకుముందూ ఇలాగే రవ్వలు రాలేవి. అప్పుడు "కామేశ్వరీ!" అని కేకేస్తే చాలు, ముందువాటాలో అద్దెకున్న ఆ పిల్ల మెయిను కట్టేసేది. రెండు వాటాలకీ కలిపి మెయిను, మీటరు ఆ ముందుగదిలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ గదికి తాళం. కామేశ్వరి భర్త గురునాథరావుకి స్టీల్‌ప్లాంటు క్వార్టర్సు వచ్చింది. వాళ్లు లారీలో సామాను ఎక్కిస్తుంటే చూడలేక భ్రమరాంబ వంటింట్లోనే ఉండిపోయింది. కామేశ్వరే లోపలికొచ్చి, "ఏడవకండి పిన్నిగారూ. సగం సామాను ఇక్కడే ఉండిపోయిందండి. ఆదివారం వచ్చి పట్టుకెళ్తాం. మీ పులిహోర తిని మరీ వెళ్తాం," అంది.

ఆ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అయినా ఆ తాళాన్ని చూస్తే భ్రమరాంబకి ధైర్యంగా ఉండేది. సామాను ఉందంటే మనుషులు ఇంకా పూర్తిగా వెళ్లనట్టే కదా. గోదావరి గట్టున తనని రైలెక్కించి వెళ్లిన అన్నగారు, ఏళ్ల కిందట ఓ పొద్దున్నే పోర్టుకి డ్యూటీకి వెళ్లిన భర్త, అందరూ వస్తామనే వెళ్లి మళ్లీ రాలేదు. ఎవరూ ఏమీ వదిలి వెళ్లలేదు.

బోర్డు పక్కనుంచి సన్నగా పొగ లేచింది. భ్రమరాంబ వీధిలోకి పరుగెత్తింది. చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో వస్తున్న పోతమ్మ ఆగింది. భ్రమరాంబ చేపలు తినదు. అయినా రోజూ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లడం పోతమ్మకి అలవాటు.

"ఏటమ్మా, అలాగ ఒణికిపోతన్నావు?"

"స్విచ్చి కాలిపోతోందే! మెయిను కట్టెయ్యాలి. అదేమో వాళ్ల గదిలో ఉంది."

"అయితే తాళం బద్దలుకొట్టీ."

"అమ్మో! లోపల వాళ్ల సామానుంది. రేపొస్తే ఏమనుకుంటారు?"

"వచ్చినోళ్లకి ఇల్లంటూ ఉండాల గదా! బాగుందమ్మా నీ కాపలా. తాళాన్ని నువ్వు కాత్తన్నావా, నిన్నది కాత్తందా?"

వంటింట్లో ఠప్పుమంది. భ్రమరాంబ పెరట్లోకి వెళ్లి రుబ్బురోలు పొత్రం తెచ్చింది గానీ తాళం మీద వెయ్యలేకపోయింది. పోతమ్మే అందుకుని నాలుగు బాదులు బాదింది. గడియ ఊడొచ్చింది.

గదిలో చీకటి. ఏ బిందెనో పెట్టెనో తన్నేస్తానేమోనని భ్రమరాంబ చేతులు ముందుకు చాచి, అడుగు జరుపుకుంటూ నడిచింది. కాలికేమీ తగల్లేదు. ఎదుటి గోడ దాకా ఏమీ తగల్లేదు. గోడకున్న మెయిను ఇనపపెట్టె తడిమి పిడి కిందికి లాగింది. వంటింట్లో చిటచిట ఆగిపోయింది.

పోతమ్మ కిటికీ తెరిచింది. ఎండ నేలమీద పడింది. ఒక్క పాత డబ్బా కూడా లేదు. పైగా శుభ్రంగా ఊడ్చి ఉంది. తిరిగొచ్చేవాళ్లెవరూ బయల్దేరేముందు ఇల్లు ఊడ్చుకోరు.

"సామానేదమ్మా?"

"పట్టుకెళ్లిపోయారు. మొన్నొచ్చారు. నేనే మర్చిపోయాను." ఖాళీ గదిలో ఆ మాట మరీ గట్టిగా వినిపించింది.

పోతమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "అలాగేనమ్మా. నాను ఎల్లి వైరింగు గవర్రాజుని తీసుకొత్తాను. నువ్వేటీ ముట్టుకోకు," అని గంప ఎత్తుకుంది.

భ్రమరాంబ కామేశ్వరి మీద కోపం తెచ్చుకుందామనుకుంది. తన ఏడుపు ఆపడానికే ఆ పిల్ల అలా చెప్పిందని తెలిశాక కోపం రాలేదు. మెయిను కట్టేసి ఉంది, ఇక భయం లేదు. అయినా పిడి మీంచి చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది. రెండు వాటాల్లోనూ ఎక్కడా చప్పుడు లేదు.