ముప్పై రెండో దెబ్బ

ఆదివారం పొద్దున ఒక మగ్గాన్ని ఆపాలి. ఆపలేకపోతే సోమవారం నుంచి మా బృందంలో మృదంగం ఉండదు. 1966లో నాకు పందొమ్మిదేళ్ళు. అంతకు మించిన గండం ఇంకొకటి ఉంటుందని అప్పట్లో తోచలేదు.

బృందం అంటే ముగ్గురం. వయొలిన్ నేను, ఈశ్వరప్పను, పెనుకొండలో వేరుశనగ పండించే ఇంటివాణ్ణి. వీణ నీలావతి, హిందూపురం అమ్మాయి. మృదంగం చెన్నకేశవులు, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఓబులేసు కొడుకు. ముగ్గురం హిందూపురంలో బి.ఎ. రెండో సంవత్సరం.

చెన్నకేశవులు నాకు రైల్లో దొరికాడు. సోమవారం ప్యాసింజరు పెనుకొండలో ఎక్కేసరికి ధర్మవరం నుంచి వస్తున్న ఒకడు చెక్కబల్ల మీద వేళ్ళతో తాళం వాయిస్తున్నాడు. నేను పెట్టె తెరిచి వయొలిన్ తీశాను. హిందూపురం వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. దిగాక అడిగాను, "నీ పేరేమప్పా?"

సాధన నీలావతి ఇంటి వసారాలో జరిగేది. ఆమె అవ్వ అక్కమ్మ చింతపండు ఒలుస్తూ మా మధ్యలోనే కూర్చునేది. మగపిల్లలు ఇంటికి రావాలంటే అది షరతు.

మాకున్న లోపం ఒక్కటే. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. నాలుగుసార్లు తిరిగితే ముప్పై రెండు. ముప్పై రెండో దెబ్బ పడగానే చెన్నకేశవులు రెప్పపాటు ఆగేవాడు.

"మళ్ళీ ఆగినావు," అనేది నీలావతి.

"నేనా? యాడ ఆగినా?"

"ఈడే. నా వీణ ముందుకు పోయి, వెనక్కి తిరిగొచ్చి నిన్ను పిలుచుకోని పోవాల్సి వస్తాండాది."

"వాన్నేమీ అనొద్దు మే," అనేది అక్కమ్మ. "పిల్లోడు ఊపిరి పీల్చుకుంటాండాడు. నువ్వు పీల్చవా?"

కాలేజీ వార్షికోత్సవం నాడు ఆ రెప్పపాటే మమ్మల్ని ముంచింది. వయొలిన్ ఒకచోట, వీణ ఇంకోచోట, మృదంగం నడిమధ్యలో. జనం నవ్వారు. ఆ జనంలో నవ్వని మనిషి ఒకడున్నాడు. ఓబులేసు.

మరునాడు ఆయన నేరుగా వసారాకే వచ్చాడు.

"ఇంట్లో రెండో మగ్గం ఖాళీగా ఉండాది," అన్నాడు. "ఈ పిల్లోడు ఈడ మద్దెల కొట్టి అందర్నీ నవ్వించే బదులు ఆడ కూర్చుంటే మేలు."

"నువ్వు నేసిన మొదటి చీర ఎవరు కట్టినారప్పా?" అంది అక్కమ్మ తల ఎత్తకుండానే.

ఓబులేసు గొంతు తగ్గింది. "మా అమ్మ కట్టింది. ఇంకెవరూ కొనలేదు."

"అట్ల చెప్పు."

ఓబులేసు మెత్తబడలేదు గానీ ఒక పందెం పెట్టాడు. "ఆదివారం మా ఇంటికి రాండి. నేను మగ్గంలో ఉంటా. ఒక్క కీర్తన వాయించండి. అది అయిపోయేలోగా నా చెయ్యి దానంతట అది ఆగితే ఈడు కాలేజీకి వస్తాడు. ఆగకుంటే సోమవారం మగ్గం గుంతలో దిగుతాడు."

ఆదివారం వీణను మోసుకుని, అక్కమ్మను వెంటబెట్టుకుని ధర్మవరంలో దిగాం. ఓబులేసు అప్పటికే గుంతలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. తల కూడా తిప్పలేదు.

"కూర్చోండి. నా కోసం చూడొద్దు."

శ్రుతి చేసుకుంటూ మగ్గం వింటున్నాను. పోగును మోసే నాడె ఇటు, దాన్ని బిగించే పలక దెబ్బ. నాడె అటు, పలక దెబ్బ. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్పై రెండు దెబ్బలయ్యాక మగ్గం చప్పుడు ఆగింది. ఓబులేసు పట్టు నాడె కింద పెట్టి, జరీ నాడె తీసి ఒక బంగారు గీత వేశాడు. మళ్ళీ పట్టు నాడె. మళ్ళీ ముప్పై రెండు.

నేను వయొలిన్ దించాను.

"మీ ఇంట్లో ఎప్పుడూ ఈ గళ్ళ చీరేనా?" అని చెన్నకేశవుల్ని అడిగాను.

"తాత కాలం నుంచి ఇదే. నా ఉయ్యాల కూడా ఈ మగ్గం పక్కనే కట్టినారంట. ఎందుకప్పా?"

ముప్పై రెండు దెబ్బల లెక్క చెప్పాను. వాడు తన చేతులకేసి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"ఇప్పుడు దిద్దుకోవద్దు," అన్నాను. "నువ్వు ఆగే చోట మేమూ ఆగుతాం."

మొదలుపెట్టాం. వాడి చెయ్యి మగ్గం నడకను అందుకుంది. ముప్పై రెండు, అందరం ఆగాం, జరీ నాడె దాటింది, మళ్ళీ కలిశాం. అంత బాగా మేం ఎప్పుడూ వాయించలేదు. ఆ సంబరంలో ఓబులేసు వైపు చూశాను.

ఆయన తల ఊపుతూ ముందుకంటే హాయిగా నేస్తున్నాడు.

అక్కమ్మ నా వెనక నుంచి గొణిగింది, "ఆయప్పకు పని సులువు చేస్తాండారు గదబ్బా."

వయొలిన్ మీద నా కమాను జోరు తగ్గింది. పందెం ఆయన్ను ఆపడం. మేం ఆయనతో కలిసి నేస్తున్నాం. ఈ లెక్కన చీర మొత్తం అయిపోయినా ఆ చెయ్యి ఆగదు. అప్పటికే చరణం దాటి చివరి పల్లవికి వచ్చేశాం. ఎనిమిదంటే ఎనిమిది ఆవర్తనాలు మిగిలాయి, అంటే ముప్పై రెండు దెబ్బలు రెండుసార్లు. చెన్నకేశవులికి సైగ చేద్దామంటే వాడు కళ్ళు మూసుకున్నాడు.

ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు.

ఓబులేసు పట్టు నాడె వదిలి జరీ నాడె అందుకున్నాడు.

మృదంగం ఆగలేదు. ముప్పై మూడో దెబ్బ దాని చోట అది పడింది. నీలావతి వెంటనే అందుకుంది, వెనకే నేను. జరీ నాడె పట్టుకున్న ఓబులేసు చెయ్యి గాలిలో నిలిచిపోయింది. గుంతలో కాళ్ళు కూడా కదల్లేదు. మగ్గం చప్పుడు లేని ఆ ఇంట్లో కీర్తన ముగించాం.

"అక్కడ జరీ గీత పడాల," అన్నాడు ఓబులేసు కొడుకుతో.

"తెలుసు నాయనా."

"తెలిసే ఆగలేదా?"

"ఆగితే రేపట్నుంచి నీ పక్కన కూర్చోవాల గదా."

ఓబులేసు జరీ నాడె కింద పెట్టాడు. అడిగాడు, "రేపు రైలు ఎన్ని గంటలకు?"

మరుసటి ఏడు పరీక్షలయ్యాక పెనుకొండలో మా చివరి కచేరీ. తెల్లారితే ఎవరి దారి వారిది. ఓబులేసు ముందు వరసలో కూర్చున్నాడు. చివరి కీర్తనలో, ముప్పై రెండో దెబ్బ పడగానే చెన్నకేశవులు ఆగాడు. ఏడాదిగా ఒక్కసారి కూడా ఆగనివాడు, కావాలనే ఆగాడు. నేనూ నీలావతీ కూడా ఆగాం. ముందుగా ఎవరమూ ఏమీ అనుకోలేదు.

ముందు వరసలో ఓబులేసు కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచి, అక్కడ లేని జరీ నాడె కోసం పక్కకు వెళ్ళింది.